బొత్తాలక్క అరిచిన "కట్"

స్టూడియోలో ఆమెను చిన్నా పెద్దా అందరూ బొత్తాలక్క అనే పిలిచేవారు. ఆ పేరు ఒక చొక్కా వల్ల వచ్చింది.

ఇరవై రెండేళ్ళ వయసులో ఆమె స్టూడియో ఆఫీసులో టైపిస్టుగా చేరింది. ఒకరోజు ఏదో కాగితం మీద దర్శకుడి సంతకం కోసం షూటింగు జరుగుతున్న చోటికి పొద్దున ఒకసారి వెళ్ళింది, ఆయన తీరిక లేదంటే మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళింది. పొద్దున హీరో గదిలోపల తల్లితో గొడవపడి తలుపు తీస్తున్నాడు. మధ్యాహ్నం అదే హీరో అదే తలుపులోంచి వరండాలోకి వస్తున్నాడు. షాటు బాగా వచ్చిందని అందరూ సంతోషంగా ఉండగా, "లోపలున్నప్పుడు ఆయనకి పై బొత్తాం పెట్టుంది కదండీ, గడప దాటేసరికి ఎలా ఊడింది?" అని పక్కనున్న లైట్‌మన్‌ని అడిగింది. మెల్లిగానే అడిగింది గాని, దర్శకుడి చెవిలో పడింది. ఆయన ఆ షాటు మళ్ళీ తీయించాడు. మర్నాటినుంచి ఆమెకు టైపు మిషను తప్పింది, చేతికి పొడుగాటి నోటుపుస్తకం వచ్చింది.

సినిమాను ముక్కలు ముక్కలుగా తీస్తారు. గదిలోపలి భాగం ఇవాళ తీస్తే, బయటి భాగం నెల తర్వాత తీయవచ్చు. తెర మీద మాత్రం అది ఒక్క అడుగు. ఆ అడుగు అతుకు తెలియకుండా పడాలంటే, ఏ చేతిలో గొడుగుంది, గ్లాసులో టీ ఎంతవరకు తాగారు, చెమట ఏ చెంప మీద ఉంది, ఇవన్నీ ఒకరు రాసి పెట్టుకోవాలి. దాన్నే కంటిన్యూటీ అంటారు. బొత్తాలక్క ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆ పని చేసింది. ఆమె ఉన్న సినిమాలో గోడ మీది కేలండరు ఒక్క రోజు కూడా వెనక్కి తిరగలేదని ఎడిటరు గర్వంగా చెప్పేవాడు.

ఇంట్లో కూడా ఆ కళ్ళకు సెలవు ఉండేది కాదు. ఆమె భర్త బస్సు కండక్టరు. సాయంత్రం వచ్చి కుర్చీలో కూలబడగానే, "పొద్దున వెళ్ళేటప్పుడు జేబులో రెండు పెన్నులున్నాయి, ఒకటేది?" అనేది. "నన్ను పెళ్ళి చేసుకున్నావా, షూటింగుకి అద్దెకి తెచ్చుకున్నావా?" అనేవాడాయన. మోకాళ్ళు పనిచెయ్యక రోజంతా టీవీ ముందు మంచం మీదే ఉండే అత్తగారు మాత్రం కోడలి పక్షమే. "వాడి చిన్నప్పుడు నేనీ లెక్కలే చూసుంటే ఇన్ని వస్తువులు పారేసుకునేవాడు కాదు" అనేది.

ఆమెకు యాభై మూడు నిండాక ఒక కొత్త దర్శకుడు వచ్చాడు. ముప్ఫై దాటీ దాటని వయసు, దట్టమైన గడ్డం, ఎక్కడో సినిమా కళ గురించి పెద్ద చదువు చదివి వచ్చాడు. స్టూడియోవాళ్ళు మూడో రోజుకే అతనికి పండితుడని పేరు పెట్టారు.

అతని స్క్రిప్టు చేతికందిన రోజున ఆమె తల పట్టుకుంది. మొదటి పేజీలో అరవై ఒకటో సీను. రెండో పేజీలో పన్నెండు. ఆ తర్వాత నలభై, వెంటనే మూడు. జిరాక్సు షాపువాడు కాగితాలు కింద పడేసి, దొరికినట్టు కుట్టి ఇచ్చాడనుకుంది. వాణ్ణి తిట్టుకుంటూ సాయంత్రమంతా కూర్చుని, కుట్టు విప్పి, సీన్లన్నీ వరసలో పేర్చి, అంచులు సరిచేసి, తిరిగి దారంతో కుట్టింది. మర్నాడు దాన్ని పండితుడి ముందు పెట్టింది.

అతను పేజీలు తిప్పి చూశాడు. ముచ్చటపడి పెంచుకున్న గడ్డాన్ని నిద్రలో ఎవరో గొరిగేసినట్టు అయింది అతని మొహం.

"మేడమ్, అది అలాగే ఉండాలి."

"ఎలాగే?"

"అడ్డదిడ్డంగా."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "చివరి సీను ముందొచ్చి, మొదటి సీను చివరికొస్తే, జనం హాల్లోకి వెనక్కి నడుచుకుంటూ రావాలా సార్?"

అతను నవ్వాడు. ఆమెకు సగం ఒళ్ళు మండింది ఆ నవ్వుకే.

కథ మాత్రం ఆమెకు నచ్చింది. నిన్న వరసగా కుట్టి చదువుకున్నది కాబట్టి తెలుసు. హీరోలకు బదులు ఎత్తునుంచి దూకే డూపు ఒకడు ఉంటాడు. ఒకరోజు పనికని వెళ్ళి ఇంటికి తిరిగి రాడు. పెళ్ళాం అతన్ని వెతుక్కుంటూ స్టూడియోలన్నీ తిరుగుతుంది. ఫోటో చూపిస్తే ఎవరూ గుర్తుపట్టరు. ఎందుకంటే సినిమాల్లో అతని వీపే కనిపిస్తుంది గాని, మొహం ఎప్పుడూ కనబడదు. చివరికి ఒక చిన్న సినిమా హాల్లో టిక్కెట్లు చించుతూ దొరుకుతాడు. దూకడంలో కాలు విరిగి, ఆ కాలితో ఆమె ముందుకు రావడానికి సిగ్గుపడి అక్కడ దాక్కున్నాడు. ఇంత చక్కని కథను కూరగాయల్లా ఎందుకు తరుగుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు.

షూటింగు మూడో రోజున అసలు గొడవ జరిగింది. డూపు పెళ్ళాం ఒక స్టూడియో ఆఫీసు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళే సీను. బయటి భాగం ముందురోజే తీశారు. అందులో ఆమెది పసుపుపచ్చ గౌను, కుడి భుజానికి సంచి, జుట్టు బిగించి కట్టిన ముడి. ఆ రోజు లోపలి భాగం. మాటలు అక్కడికక్కడే రికార్డు చేసే పద్ధతి కాబట్టి అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. తలుపు తెరుచుకుంది. హీరోయిను నీలం గౌనులో, జుట్టు విరబోసుకుని, సంచీ లేకుండా వచ్చింది.

ముప్ఫై ఒక్క సంవత్సరాల అలవాటు ఆగలేదు. "కట్!" అని అరిచింది బొత్తాలక్క.

అంత గట్టిగా అరుస్తానని ఆమెకే తెలియదు. హీరోయిను ఉలిక్కిపడి, గొంతు వచ్చిన వైపు తిరిగి, భయంగా చూసింది. లైట్‌మన్ నిచ్చెన మీదనుంచి జారబోయి ఆగాడు. సెట్టులో కట్ అనే హక్కు దర్శకుడొక్కడిదే. నిర్మాతకు కూడా లేదు.

"క్షమించాలి" అంది ఆమె చెమట తుడుచుకుంటూ. "కాస్ట్యూమువాళ్ళ పొరపాటు. నిన్న పసుపుపచ్చ. నా పుస్తకంలో ఉంది చూడండి."

"పొరపాటు కాదక్కా" అన్నాడు పండితుడు, అంతవరకు అన్న మేడమ్ మానేసి. "ఈమె తెరిచే ప్రతి తలుపూ ఒక వేరే సినిమాలోకి తెరుచుకుంటుంది. ఇది పాత నేరపరిశోధన సినిమా. ఇంకో తలుపు పాటల సినిమా. అందుకే బట్టలు మారాయి."

"ఆ మాట నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఒప్పుకోరని."

భోజనాల వేళ అతను ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఎలాగైనా ఒప్పిద్దామని. లైట్‌మన్ కూడా పళ్ళెం పట్టుకుని దగ్గరికి చేరాడు.

"అక్కా, ఇదంతా నేను కనిపెట్టింది కాదు" అని మొదలుపెట్టాడు. "దీనికో పేరుంది, అది ముందు బాగా వినబడింది ఇళ్ళు కట్టేవాళ్ళ దగ్గర. ఒకప్పుడు ఆర్కిటెక్టులు, భవనమంటే అగ్గిపెట్టెలా నున్నగా ఉండాలి, సోకులేవీ ఉండకూడదని పట్టుబట్టారు. కొన్నాళ్ళకి కొందరికి విసుగొచ్చింది. ఆ అగ్గిపెట్టె మీదే పాతకాలపు స్తంభం ఒకటి తెచ్చి పెట్టారు, సరదాకి. నవలల్లోనూ అలాంటి పనులే చేశారు, తర్వాత సినిమాల్లోకి వచ్చింది. పోస్ట్ మోడర్నిజం అంటారు."

"ఆ స్తంభం పైకప్పుని మోస్తుందా?"

"మొయ్యదు. ఊరికే ఉంటుంది."

"ఊరికే ఉండేవాళ్ళు మా స్టూడియోలో చాలామందే ఉన్నారులే. ఊ, చెప్పు."

"రెండు పెద్ద యుద్ధాలు చూశాక మనుషులకి పెద్ద కథల మీద నమ్మకం పోయిందక్కా. యంత్రాలొస్తే అందరూ బాగుపడతారు, చదువొస్తే అందరూ మంచివాళ్ళవుతారు, చివరికి న్యాయమే గెలుస్తుంది, ఇలాంటివి. అవే నమ్మనప్పుడు, మొదలూ మధ్యా ముగింపూ అని వరసగా చెప్పేదీ అబద్ధంలాగే అనిపించింది కొందరికి. అందుకని పాత సినిమాల ముక్కలు తెచ్చి కలిపారు. ఏడుపు మధ్యలో జోకు పెట్టారు. గొప్ప సినిమా, నాసి సినిమా అని తేడా లేకుండా రెండిట్లోంచీ తీసుకున్నారు. ఇది సినిమానే సుమా అని చూసేవాడికి గుర్తు చేశారు."

"గుర్తు చెయ్యడమెందుకు సార్?" అన్నాడు లైట్‌మన్. "మా వీధి చివర హాల్లో ఆ పని నల్లులే చేస్తాయి."

పండితుడు కూడా నవ్వాడు. బొత్తాలక్క నవ్వలేదు. "పెద్ద కథల మీద నమ్మకం పోతే పోనీ బాబూ. చిన్న కథన్నా వరసగా చెప్పొచ్చుగా? మొగుడు కనబడక ఒకావిడ తిరుగుతోంది. ఆవిడ గౌను మారిస్తే ఆవిడ బాధ ఎక్కువవుతుందా?"

అతను ఏదో చెప్పబోయేంతలో సౌండు రికార్డు చేసే అతను పరుగులాంటి నడకతో వచ్చి హెడ్‌ఫోన్లు ఇచ్చాడు. పండితుడు చెవులకు పెట్టుకుని విన్నాడు. మళ్ళీ విన్నాడు. కళ్ళు మెరిశాయి.

"అక్కా! మీ అరుపు అద్భుతంగా వచ్చింది. ఆ అమ్మాయి భయం కూడా నిజమైంది. దీన్ని సినిమాలో ఉంచేద్దాం."

పుండు మీద కారం చల్లినట్టయింది ఆమెకు. పళ్ళెం పక్కన పెట్టి లేచి నిలబడింది.

"అది నేను నటించింది కాదు. పని చెడిపోతోందని కడుపు మండి వచ్చింది. నా కడుపుమంటని మీ తెలివి కింద రాసుకోకండి."

నోటుపుస్తకాన్ని అక్కడే బల్ల మీద పెట్టి, ముప్ఫై ఒక్క సంవత్సరాల్లో మొదటిసారి షూటింగు మధ్యలోంచి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ రోజు డ్యూటీ లేక ఇంట్లోనే ఉన్న భర్త ఏమీ అడగలేదు. ఆమె వేళ తప్పి వచ్చిందంటే అడగకపోవడమే మంచిదని అతనికి తెలుసు. అత్తగారు మాత్రం టీవీ చూసి పకపకా నవ్వుతోంది. సబ్బు ప్రకటన వస్తోంది. అందులో ఒకతను సబ్బు పట్టుకుని, "ఇది ప్రకటనేనండీ, నేను నటుణ్ణేనండీ, మీరు చానెల్ మార్చబోతున్నారని కూడా తెలుసు, ఒక్క నిమిషం ఆగండి" అంటున్నాడు. అతని వెనక గోడలా కనిపించిన అట్ట పక్కకు ఒరిగింది, దాన్ని పట్టుకున్న మనిషి కూడా కనబడ్డాడు.

"ఎంత నిజం చెబుతున్నాడో చూడవే!" అంది అత్తగారు. "ఆ సబ్బు తెప్పించు."

 ఇన్నాళ్ళూ బొత్తాలక్క ఆ ప్రకటన రోజూ చూసింది, ఏమీ అనిపించలేదు. పండితుడు గంటసేపు చెప్పిన గొడవంతా సబ్బు ముక్కలో దూరి తన నట్టింట్లోకి ఎప్పుడో వచ్చి కూర్చుందన్నమాట. దానితో ఆమె చిరాకు తగ్గలేదు సరికదా, రెండింతలైంది. "అట్ట ఒరిగితే నిజం చెప్పినట్టా అత్తయ్యా? ఆ అట్ట ఒరగడానికి ఎన్ని టేకులు తీసుంటారో నాకు తెలుసు" అని టీవీ కట్టేసింది. అత్తగారు రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

నెలన్నర తర్వాత ఎడిటరు ఫోను చేశాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఆమెను ఉద్యోగంలో చేరిననాటినుంచీ ఎరిగినవాడు.

"అమ్మాయ్, నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. ఒకసారి వచ్చిపో."

"నేనా సినిమా వదిలేశాను కదండీ."

"నువ్వు వదిలావు. అది నన్ను వదలట్లేదు."

ఎడిటింగు గది ఇరుకు. ఏసీ మోత, రెండు కుర్చీలు, ఒక స్టూలు, గోడనిండా చీటీలు. ఆమె వెళ్ళేసరికి పండితుడు స్టూలు మీద మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఆమె వెళ్ళిపోయాక కంటిన్యూటీకి ఎవరినీ పెట్టుకోలేదట. ఎవరి ఫోనుతో వాళ్ళు ఫోటోలు తీశారు. మొత్తం నాలుగు వేల పైచిలుకు. ఏది ఏ రోజుదో, ఏ సీనుదో ఒక్కదాని మీదా రాయలేదు.

ఎడిటరు ఒక సీను వేసి చూపించాడు. సినిమా హాలు గుమ్మంలో డూపు కూర్చుని ఉన్నాడు. దూరంనుంచి చూపించినప్పుడు కట్టు కుడికాలికి ఉంది. దగ్గరనుంచి చూపించినప్పుడు ఎడమకాలికి ఉంది.

"ఇది కావాలని చేసిందా, పొరపాటా?" అన్నాడు ఎడిటరు. "నాకొక్కటే తెలియాలి. కావాలని చేస్తే ఉంచుతాను. పొరపాటైతే తీసేస్తాను."

"కావాలనే" అన్నాడు పండితుడు.

"ఎందుకు?" అంది బొత్తాలక్క.

అతను గడ్డం గోక్కున్నాడు. "నొప్పికి ఒక చోటంటూ ఉండదు కదక్కా."

ఎడిటరు కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. బొత్తాలక్క మేకప్ ఆవిడకు ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టి, డూపు కట్టు సంగతి అడిగింది. అవతలినుంచి జవాబు వెంటనే వచ్చింది. "హాలు సీను రెండో రోజా? ఆ రోజు మా పాపకి జ్వరమని నేను రాలేదక్కా. వేరే ఆవిడ కట్టింది. ఏ కాలో చెప్పి పంపడం మర్చిపోయాను. ఏం, తప్పు కట్టిందా?"

పండితుడు నేల చూపులు చూశాడు.

"చూడు బాబూ" అంది ఆమె.  "తలుపు తీస్తే గౌను మారింది. అది నువ్వు కావాలని చేసింది. నాకు నచ్చకపోయినా, చేసింది నువ్వే. ఈ కట్టు నువ్వు చేసింది కాదు, ఒక పాపకి జ్వరమొస్తే జరిగింది. రెండిట్నీ ఒకే గాటన కట్టేస్తే, నీ సినిమాలో నువ్వు చేసిందేది, దానంతటదే అయిందేది?"

"మొత్తం అంతా అర్థం ఉన్నదేనని చూసేవాళ్ళు అనుకుంటే తప్పేంటి?"

"వాళ్ళేమైనా అనుకోనీ. నీకు తెలియాలిగా!"

ఆ రోజే ఆమె కొత్త నోటుపుస్తకం తెప్పించి పేజీ మధ్యలో నిలువుగా గీత గీసింది. ఎడమవైపు "కావాలని", కుడివైపు "పొరపాటు" అని రాసింది. మొదటినుంచి సినిమా వేసి, ఎక్కడెక్కడ అతుకు తప్పిందో ఒక్కొక్కటీ పట్టుకుంది. ప్రతిదానికీ పండితుడు ఏదో ఒక వైపు ఎంచుకుని సంతకం పెట్టాలి. కావాలని చేశానంటే ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పాలి. నొప్పికి చోటుండదు లాంటి వాక్యాలు చెల్లవు.

మూడు వారాలు పట్టింది. మొత్తం రెండు వందల పద్నాలుగు తేలాయి. అతను ప్రతి పదింటికీ ఒకసారి అలిగాడు. "మీరు నా సినిమాని స్కూలు హాజరుపట్టీలా చేస్తున్నారు" అన్నాడు ఒకరోజు.

"తప్పిపోయిన మనిషి గురించి సినిమా తీస్తూ హాజరుపట్టీ వద్దంటే ఎలా?" అని ఆమె పేజీ తిప్పింది. ఎడిటరు అటు తిరిగి నవ్వుకున్నాడు.

చివరికి అతను నిజంగా జవాబు చెప్పగలిగినవి డెబ్భై ఒకటి మిగిలాయి. తక్కినవాటిలో కొన్నిటిని ఎడిటరు కత్తిరించాడు, కొన్నిటిని రెండు రోజులు మళ్ళీ షూటింగు పెట్టి సరిచేశారు. విచిత్రమేమిటంటే, ఆ డెబ్భై ఒకటి కోసం బొత్తాలక్క అతనికన్నా ఎక్కువ పోట్లాడింది. డూపు ఇంటి గోడ మీది పెళ్ళి ఫోటో ఒక సీనులో కొద్దిగా పక్కకు వాలి ఉంటుంది. "ఇంత చిన్నగా వాలితే ఆర్టువాళ్ళు మేకు సరిగ్గా కొట్టలేదనుకుంటారు. తప్పు చెయ్యాలనుకున్నప్పుడు బెదరకుండా చెయ్యి" అని, దాన్ని మళ్ళీ తీసేటప్పుడు తానే వెళ్ళి పూర్తిగా తలకిందులుగా వేలాడదీసింది. దిగి వచ్చాక చేతులు దులుపుకుంటూ, ఇదేం పాడు పని చేశానని గొణుక్కుంది.

అరుపు సంగతి అందరూ ఆఖరికి వాయిదా వేస్తూ వచ్చారు. ఆమె దాన్ని పొరపాట్ల వరసలో ఎప్పుడో రాసేసింది. పండితుడు ఎదురు చెప్పలేదు. "మీ గొంతు మీది. వద్దంటే తీసేస్తాను" అన్నాడు. ఎడిటరు అరుపు తీసేసిన సీను వేశాడు.

పసుపుపచ్చ గౌనులో హీరోయిను తలుపు తోసింది. నీలం గౌనులో లోపలికి వచ్చింది. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత మాటలు మొదలయ్యాయి.

బొత్తాలక్క ముందుకు వంగింది. "మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ వేశారు. ఆమె మొహం మాడిపోయింది. సినిమాలో బట్టలు మారడం అదే మొదటిసారి. ప్రతి తలుపూ వేరే సినిమా అని చూసేవాళ్ళకు అప్పటికింకా తెలియదు. హాల్లో కూర్చున్న ప్రతివాడూ ఒక్కటే అనుకుంటాడు.

"ఇలా వదిలితే, కంటిన్యూటీ చూసేది నిద్రపోయిందనుకుంటారు!" అంది.

"అనుకుంటారు" అన్నాడు ఎడిటరు.

"టైటిల్సులో నా పేరుంటుంది."

"పెద్ద అక్షరాల్లోనే ఉంటుంది."

 పండితుడు నోరు తెరవబోతే ఎడిటరు మోకాలితో తట్టి ఆపాడు. "అరుపు పెట్టండి" అంది ఆమె చివరికి. "ఎవరో ఒకరు చూశారని జనానికి తెలియాలి." పుస్తకం తీసి, కుడివైపు వరసలోంచి ఆ అంకె కొట్టేసి, ఎడమవైపు రాసింది. ఎందుకు అన్న చోట, "నేను నిద్రపోలేదు" అని రాసి తానే సంతకం పెట్టింది. పండితుడికి సంతకం పెట్టే అవకాశం ఇవ్వలేదు.

సినిమా విడుదలై మూడు వారాలు ఆడింది. పెద్ద హిట్టు కాదు, పోయిందీ కాదు. ఆమె భర్త ఏ సినిమాకి వెళ్ళినా విశ్రాంతిలోపే గుర్రుపెట్టే మనిషి. ఈసారి కళ్ళు పెద్దవి చేసుకుని చివరిదాకా కూర్చున్నాడు. "నిద్రపోతే నీ అరుపు పోతుందేమోనని" అన్నాడు. హాల్లో ఆ అరుపుకు జనం గొల్లున నవ్వారు. ఆ తర్వాత హీరోయిను భయపడి చూసే చూపుకు నవ్వు ఆగిపోయింది. అది ఆమె గమనించింది గాని, ఇంటికొచ్చాక ఎవరితోనూ అనలేదు.

ఇబ్బంది తర్వాత మొదలైంది. పత్రికలో ఒకాయన, ఆ అరుపు పౌరుల కదలికలను అడ్డుకునే ప్రభుత్వ అధికారానికి గొంతుక అని రాశాడు. ఇంకొకాయన అది మరణమన్నాడు. "నేను ప్రభుత్వం ఎప్పుడయ్యానండీ? నాకింకా పింఛనే ఖాయం కాలేదు" అని ఆమె పత్రిక మడిచి ఊగుతున్న బీరువా కోడు కింద పెట్టింది. ఒక కాలేజీవాళ్ళు పిలిచి వేదికెక్కించారు. ఒక అమ్మాయి లేచి, "రచయిత చచ్చిపోయాడని అంటారు కదా మేడమ్, మీ ఉద్దేశం?" అని అడిగింది. "అయ్యో, ఎప్పుడు? మొన్ననే ఫోనులో మాట్లాడానే!" అంది బొత్తాలక్క కంగారుగా. ఆ అమ్మాయి అడిగింది, రచనకి అర్థం చదివేవాడిదే గాని రాసినవాడిది కాదనే వాదం గురించి; ఆమె అనుకున్నది వాళ్ళ సినిమాకు మాటలు రాసినాయన గురించి. హాలంతా చప్పట్లు. గొప్ప చమత్కారం చేశానని వాళ్ళు అనుకుంటున్నారని అర్థమయ్యాక ఆమెకు మైకు విసిరికొట్టాలనిపించింది.

ఆపైన ఏడాదిలో నలుగురు కొత్త దర్శకులు ఆమె ఇంటికి వచ్చారు. నలుగురి సినిమాల్లోనూ కథ తలకిందులే, అన్నిటిలోనూ పాత్రలు కెమెరా వైపు తిరిగి కన్నుకొడతాయి. ఒకతను వచ్చీ రాగానే, "మా సినిమాలో కూడా ఒకచోట కట్ అని అరవండక్కా, డబ్బింగులో పది నిమిషాల పని" అన్నాడు.

"తప్పెక్కడుంది?"

"తప్పేం లేదక్కా. ఊరికే, సరదాకి."

"తప్పుంటే పిలువు, అరుస్తాను. సరదాకి అరవడానికి నాకేం పట్టింది?" అని తలుపు వేసింది. అయితే ఆ నలుగురిలో ఇద్దరు మర్నాడు మళ్ళీ వచ్చి, ఆ రెండు వరసల పుస్తకం ఎలా రాయాలో నేర్పమన్నారు. వాళ్ళను కూర్చోబెట్టి నేర్పింది.

హాలుకు వెళ్ళలేని అత్తగారు మాత్రం ఆ సినిమా చూడలేదు. టీవీలో రావడానికి ఇంకా టైముంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, "అందరూ చూశారు, నేనొక్కదాన్నే మిగిలాను. ఆ కథేంటో చెప్పవే" అంది. బొత్తాలక్క మంచం పట్టె మీద కూర్చుని, డూపు పనికి బయల్దేరడం దగ్గర మొదలుపెట్టి, హాలు గుమ్మంలో దొరకడం దాకా వరసగా చెప్పింది. స్టూడియోలు, తలుపులు, ఎవరూ గుర్తుపట్టని ఫోటో, ఏదీ వదల్లేదు. అత్తగారు రెండుసార్లు కళ్ళు ఒత్తుకుంది.

"ఇంత మంచి కథా!" అంది చివరికి. "మరి వాడెవడో దీన్ని తిప్పి, చివర్లో మొగుడు ఇంట్లోంచి వెళ్ళేది పెట్టాడటగా. మావాడు చెప్పాడు. దొరికినవాణ్ణి మళ్ళీ పంపించెయ్యడమేంటి? చెడగొట్టాడు."

"చెడగొట్టలేదత్తయ్యా." ఆ మాట ఆమె నోట్లోంచి ఆలోచించకుండానే వచ్చేసింది. "వెళ్ళేటప్పుడు ఆవిడ తలెత్తి కూడా చూడదు. రోజూ వెళ్ళేవాడేగా అని కూరగాయలు తరుగుతూనే ఉంటుంది. ముందే పెడితే మనం కూడా చూడం. అంతా తెలిశాక చివర్లో పెట్టాడు కాబట్టి, మొగుడు చెప్పులేసుకుని గడప దాటే దాకా మనం వాణ్ణే చూస్తాం. ఒక్కసారి తలెత్తవే తల్లీ అని ఆవిడకి చెప్పాలనిపిస్తుంది."

అత్తగారు ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. "ఆ డైరెక్టర్ని తిట్టని రోజు లేదు నువ్వు. ఇప్పుడు వెనకేసుకొస్తున్నావే?"

"నేనెవర్నీ వెనకేసుకురాలేదు. ఉన్నమాట చెప్పాను."

"అయితే బాగుందంటావా, బాగాలేదంటావా?"

"అబ్బా, నన్ను చంపకండత్తయ్యా!" అని బొత్తాలక్క విసురుగా లేచి, వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు చప్పుడయ్యేలా కడగడం మొదలుపెట్టింది.